చెరువు కింద ఊళ్లు, కార్తీక మాసపు వానలు: విలేజ్ క్లినిక్ నర్సు ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి?

ఆయకట్టు_సిస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతి జిల్లా రామచంద్రాపురం వైపు ఒక విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (క్లినిక్ బాధ్యత చూసే నర్సుగా) పనిచేస్తున్నాను. నా కింద మూడు ఊళ్లు, ఒక కాలనీ. అందులో రెండు ఊళ్లు చెరువుకట్ట కింద పల్లంలో ఉన్నాయి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడితే కింద ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. స్వర్ణముఖి పొంగి కాజ్‌వేలు మునిగితే మా ఊళ్లకు 108 ఎప్పుడొస్తుందో చెప్పలేం.

"వైద్య సిబ్బంది సిద్ధంగా ఉండాలి" అని మీటింగుల్లో అంటారు. సిద్ధంగా ఉండడమంటే ఏ పని, ఏ వారం, ఎంత సరుకు అన్నది ఎవరూ విడమరిచి చెప్పరు. నాతో ఒక ఏఎన్ఎం, ముగ్గురు ఆశాలు ఉన్నారు. నాకు తెలియాల్సినవి మూడు. వాన మొదలు కాకముందు ఏం చేయాలి? జనాన్ని హైస్కూల్లోకి చేరిస్తే అక్కడ నీళ్లు, రోగాల సంగతి ఎలా చూడాలి? గోడ కూలో, ట్రాక్టరు బోల్తాపడో ఒకేసారి పదిమందికి దెబ్బలు తగిలితే మేమిద్దరం ఎవరిని ముందు చూడాలి? అనుభవం ఉన్న అక్కలు, అన్నలు కాస్త వివరంగా రాయండి.

పాత_పీహెచ్ఎన్

సిస్టర్, మొదట మందుల పెట్టె కాదు, కాగితం తియ్యి. వరద వచ్చిన రాత్రి నువ్వు కొత్తగా చేయగలిగేది చాలా తక్కువ. ఏ ఇంట్లో ఎవరున్నారో ముందే రాసిపెట్టి ఉంటేనే ఆ రాత్రి పని సాగుతుంది.

ఊరికొక షీటు పెట్టు. అడ్డగీతకు ఒక మనిషి. పేరు, వయసు, ఇంటి గుర్తు (రామాలయం వెనక, నీలం గేటు అన్నట్టు, డోర్ నంబరు చీకట్లో పనికిరాదు), వాళ్ల ఫోను, పక్కింటి ఫోను, జబ్బు, వాడే మందు పేరు, మోతాదు, ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా ఉంది, నడవగలరా లేక మోయాలా, మోయాలంటే ఎవరు మోస్తారు. ఆఖరి గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఆ గడిలో ఇద్దరు మనుషుల పేర్లు లేకపోతే మంచం పట్టిన ముసలాయన ఇంట్లోనే ఉండిపోతాడు.

ఈ షీట్లోకి ఎవరెక్కాలి? నెలలోపు కాన్పు అయ్యేవాళ్లు, ఆరు వారాల్లోపు బాలింతలు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, డయాలసిస్ వాళ్లు, ఇన్సులిన్ వాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్లు, ఫిట్స్ మందు వాడేవాళ్లు, టీబీ మందు నడుస్తున్నవాళ్లు, మానసిక వైద్యం మందులు వాడేవాళ్లు, మంచం పట్టినవాళ్లు. హెచ్ఐవీ మందులు వాడేవాళ్ల జబ్బు మాత్రం ఈ షీట్లో రాయొద్దు. ఈ కాగితం గ్రామ సచివాలయం, స్కూలు, ట్రాక్టరు డ్రైవరు దాకా పది చేతులు మారుతుంది. వాళ్లకు విడిగా, చెవిలో చెప్పు: ఇల్లు వదిలేటప్పుడు ఏది మరిచినా మందు సీసా మరవొద్దని.

ట్యాబ్‌లో అంతా ఉంది కదా అనుకోకు. కరెంటు పోయి, టవరు పడిపోతే ట్యాబ్ ఉన్నా లేనట్టే. మూడు ప్రతులు చేతిరాతతో రాయించు, పెన్సిలుతోనో బాల్‌పెన్నుతోనో. ఇంకు పెన్ను తడికి చెదిరిపోతుంది. ఒకటి నీ దగ్గర, ఒకటి ఆశా దగ్గర, ఒకటి సచివాలయంలో. ప్లాస్టిక్ కవరులో పెట్టు. అక్టోబరు మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి సరిచూసుకో. కాన్పు అయిపోయినవాళ్లను కొట్టేసి కొత్తవాళ్లను చేర్చకపోతే నెలలోనే షీటు తప్పుల తడక అవుతుంది.

గర్భిణుల విషయంలో ఒక్కటే మాట: వాతావరణ శాఖ ఎర్ర హెచ్చరిక వచ్చేదాకా ఆగొద్దు. నారింజ హెచ్చరిక రాగానే 36 వారాలు దాటినవాళ్లు, కవలలు, ముందు కాన్పు ఆపరేషన్ అయినవాళ్లు, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్నవాళ్లు ఊరు దాటాలి. తిరుపతిలో చుట్టాలుంటే అక్కడికి, లేకపోతే మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి ఆసుపత్రికి. కాజ్‌వే మీద మోకాలిలోతు నీళ్లు పారాక నొప్పులతో ఉన్న మనిషిని దాటించడం ఎవరి తరమూ కాదు.

ఇక డయాలసిస్ వాళ్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే శిబిరాల్లో వీళ్లకు మంచి మనసుతోనే హాని జరుగుతుంది. స్కూల్లోకి జనం రాగానే దాతలు తెచ్చేవి అరటిపళ్లు, కొబ్బరిబోండాలు. మనం పంచేది ఓఆర్ఎస్. ఈ మూడింట్లోనూ పొటాషియం ఉంది. లీటరు ఓఆర్ఎస్‌లో 20 మిల్లీమోల్స్. కిడ్నీ పనిచేసే మనిషికి అది మేలు. డయాలసిస్ తప్పిపోయిన మనిషికి రెండు బోండాలు, రెండు పళ్లు పడితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కాబట్టి వాళ్ల పేరు ఎర్ర సిరాతో రాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పు: బోండాం, అరటి, బత్తాయి రసం, టమాటా చారు వద్దు. నీళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటొద్దు. ఉప్పు ఎక్కువున్న పులిహోర, ఊరగాయ కూడా వద్దు, దాహం పెరిగి నీళ్లు తాగేస్తారు. కాళ్లలో సత్తువ పోవడం, పడుకుంటే ఆయాసం రావడం కనిపిస్తే వాళ్లు మొదటి బండిలో వెళ్లాలి, కూర్చున్న మనిషే కదా అని ఆపకూడదు. వీలైతే వాన గట్టిపడకముందే ఒక పూట ముందుకు జరిపి డయాలసిస్ చేయించుకోమని సెంటరుకు ఫోను చేయించు.

ఆక్సిజన్ మిషను కరెంటుతో నడిచేది. దానికి బదులు సిలిండరు అడిగేటప్పుడు లెక్క వేసి అడుగు. బి టైపు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు, 5 లీటర్ల చొప్పున ఐదు గంటలు. కాబట్టి 5 లీటర్ల మనిషికి ఒక్క సిలిండరు ఇచ్చి నిశ్చింతగా ఉండలేం, ఆ మనిషినే ముందు తరలించాలి. తాళంచెవి, రెగ్యులేటరు సిలిండరుకే కట్టిపెట్టు. సిలిండరు ఉండి తాళం దొరకని పరిస్థితి ఎక్కువగా చూస్తాం.

బీపీ, షుగరు, ఫిట్స్ మందులు పదిహేను రోజులకు అదనంగా ఇంట్లో ఉండేలా సెప్టెంబరులోనే ఇండెంటు పెట్టు. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా నాలుగు వారాలు బయట ఉన్నా పరవాలేదు. తెరవని సీసాలకు మాత్రం చల్లదనం కావాలి. పెద్ద మట్టికుండలో తడి ఇసుక, దాని మధ్యలో చిన్న కుండ, అందులో కవరులో చుట్టిన సీసా, పైన తడిగుడ్డ. ఐసు ముక్కల్లో నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

ఆయకట్టు_సిస్టర్

అక్కా, ఎర్ర సిరా సంగతి నిజంగా నాకు తట్టలేదు. మా ఆశాలు శిబిరంలో ప్రతి మనిషి చేతిలో ఓఆర్ఎస్ పాకెట్ పెట్టేస్తారు. రేపే చెబుతాను.

నీళ్ల దగ్గర సందేహం. మా ఓవర్‌హెడ్ ట్యాంకు 40 వేల లీటర్లది. బ్లీచింగ్ పౌడరు పంచాయతీ వాళ్లే వేస్తారు, ఎంత వేస్తున్నారో అడిగితే "చారెడు" అంటున్నారు. సరైన లెక్క ఎంత? స్కూల్లో రెండు వందల మంది ఉంటే మిగతావి ఎలా చూడాలి?

క్లోరిన్_గంట

చారెడు లెక్క పనికిరాదు. తేట నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ అయితే. మీ ట్యాంకు నిండుగా ఉంటే 40 ఇంటూ రెండున్నర, అంటే 100 గ్రాములు. వంటింటి త్రాసులో ఒకసారి తూచి, అది ఏ గ్లాసుకు ఎంత వస్తుందో గీత గీసిపెట్టండి. ఇకమీదట ఎవరు వేసినా ఆ గీత చూసి వేస్తారు.

పొడిని పొడిగానే ట్యాంకులో చల్లడం తప్పు. ప్లాస్టిక్ బకెట్లో 100 గ్రాములు వేసి, కొంచెం నీళ్లతో దోసెపిండిలా ముద్ద చేయాలి. ఉండలు చితికాక ముప్పాతిక బకెట్ దాకా నీళ్లు పోసి కలపాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వేరే బకెట్లోకి వంచి, ఆ తేటనే ట్యాంకులో పోయాలి. అడుగున మిగిలిన సున్నం ట్యాంకులో పడితే నీళ్ల కఠినత పెరుగుతుంది, జనం రుచి బాగాలేదని వాగు నీళ్లకు పోతారు. అసలు నష్టం అదే. ఒక బకెట్లో 100 గ్రాములకు మించి కలపొద్దు. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు తప్పనిసరి.

పోసిన వెంటనే కుళాయి తిప్పకండి. గంట ఆగాలి. ఆ తర్వాత క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర కాదు, లైనులో చివరి ఇంటి కుళాయి దగ్గర చూడండి. తక్కువ చూపిస్తే మళ్లీ వేయాలి. వరద రోజుల్లో నీళ్లలో మురికి ఎక్కువ కాబట్టి లెక్క ప్రకారం వేసినా క్లోరిన్ అంతా మురికే తినేస్తుంది. అందుకే లెక్క మొదటి మెట్టు, పరీక్ష రెండో మెట్టు, రెండూ కావాలి.

బస్తా సంగతి చూడండి. మూతి విప్పి, గోడకానించి, తేమలో పెట్టిన బ్లీచింగ్ నెల తిరిగేసరికి సున్నంగా మారిపోతుంది. ఘాటు వాసన రాకపోతే, గడ్డలు కట్టి ఉంటే నమ్మొద్దు. బలం 25 శాతానికి పడిపోయిందని తెలిస్తే రెండున్నర గ్రాముల చోట 3.3 గ్రాములు వేయాలి. ఐదు కిలోల చిన్న సంచులుగా విడదీసి, బిగుతు మూత డబ్బాల్లో, చీకటిగా పొడిగా ఉన్నచోట పెట్టించండి.

బావి ఉంటే వ్యాసం ఇంటూ వ్యాసం ఇంటూ నీటి లోతు, దాన్ని 3.14తో హెచ్చించి నాలుగుతో భాగించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు. మూడు మీటర్ల వ్యాసం, నాలుగు మీటర్ల నీరు ఉంటే సుమారు 28 వేల లీటర్లు, అంటే 70 గ్రాములు. వరద నీళ్లు దిగిన బావికి ఇది చాలదు, ముందు తోడి శుభ్రం చేయాలి. కానీ చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు మోటరు పెట్టి ఒక్కసారిగా లాగేస్తే ఒర కూలుతుంది. కొంచెం కొంచెంగా, రెండు మూడు రోజుల్లో తోడించండి. అంతదాకా ఆ బావికి తాడు, బకెట్ తీసేయించండి.

నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ బిళ్ల వేసినా ఫలం లేదు. ముందు పటిక తిప్పి, తేరాక గుడ్డతో వడకట్టి, అప్పుడు బిళ్ల. మనవైపు పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీస్తారు. నీళ్లు తేరడానికి అదీ మంచిదే, కానీ దానితో క్రిములు చావవు, క్లోరిన్ వేయాల్సిందే. బిళ్లలు రెండు మూడు సైజుల్లో వస్తాయి, 20 లీటర్లవీ ఉంటాయి. పాకెట్ మీద చదివి, మీ బిందెకు ఎన్నో ఆశాలకు ముందే చెప్పండి. పిల్లలు బిళ్ల మింగకుండా పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి.

రెండు వందల మందికి మనిషికి రోజుకు 15 లీటర్లు అనుకుంటే మూడు వేల లీటర్లు. తాగడం, వంట, కడుక్కోవడం అన్నీ కలిపి. మొదటి రోజుల్లో యాభై మందికొక మరుగుదొడ్డి, తర్వాత ఇరవై మందికొకటి అన్నది లెక్క. అంటే నాలుగుతో మొదలుపెట్టి పదికి పెంచాలి. ఆడవాళ్లవి విడిగా, లోపల గడియ, దారిలో దీపం. దీపం లేకపోతే ఆడవాళ్లు రాత్రంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటారు, మూడోరోజుకు మూత్రంలో మంటలతో నీ దగ్గరికే వస్తారు. గుంత దొడ్లు తవ్వితే బావికి కనీసం 30 మీటర్ల దూరం ఉండాలి.

ఓఆర్ఎస్ పాకెట్ లీటరు నీళ్లకు మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపితే ఒకసారి ఉప్పెక్కువ, ఒకసారి చక్కెరెక్కువ. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. నీళ్ల విరేచనాలతో పిల్లాడి కళ్లు లోతుకుపోయి, ఆత్రంగా తాగుతుంటే కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో పట్టించాలి, పది కిలోల బిడ్డకు 750 మి.లీ. చెంచాతో, నిమిషానికొకటి. మత్తుగా పడి ఉండి తాగలేకపోతే అది సెలైన్ కేసు, ఆలస్యం చేయకుండా పంపాలి. జింకు 14 రోజులు: ఆరు నెలలు దాటితే 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మి.గ్రా. విరేచనాలు తగ్గగానే తల్లులు ఆపేస్తారు, అందుకే మొత్తం 14 బిళ్లలు చేతికిచ్చి లెక్క చెప్పండి.

పాలపొడి డబ్బాలు, పాలసీసాలు శిబిరంలో పంచనివ్వొద్దు. సీసా కడగడానికి మంచి నీళ్లు లేని చోట అవి రోగాన్ని తెస్తాయి. బాలింతలకు ఒక గది, తెర, ఒక పూట అదనపు అన్నం ఏర్పాటు చేయండి. తల్లిపాలు ఆగవు.

ప్రతి సాయంత్రం ఐహెచ్ఐపీలో (రోగాల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్) ఎస్ ఫారం, అంటే లక్షణాలను బట్టి కేసుల లెక్క, ఎక్కించాలి. సిగ్నలు లేకపోతే ఫోనులో అంకెలు చదివి చెప్పండి. ఒకే గదిలోనో ఒకే వీధిలోనో ఒక్కరోజులో ముగ్గురికి విరేచనాలు మొదలైతే ఫారం దాకా ఆగకుండా మెడికల్ ఆఫీసరుకు ఫోను చేయండి. బురదలో దిగినవాళ్లకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే లెప్టోస్పైరా (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే జ్వరం) అనుమానించాలి. వారానికి 200 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా ఇవ్వడమా వద్దా అన్నది మెడికల్ ఆఫీసరు చెప్పాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మందు ఇవ్వరు. బురదలో తిరిగే మీకూ గంబూట్లు కావాలి, కాలి పగుళ్లకు ప్లాస్టరు వేసుకునే దిగండి.

రంగుల_రిబ్బను

మూడో ప్రశ్నకు నేను రాస్తాను. క్యాజువాలిటీ పని నాది.

తిరుపతి వాళ్లకు ఇది వరదతోనే అయిపోయే సంగతి కాదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఊరి జాతరలోనైనా, రథోత్సవంలోనైనా అలాంటిది జరిగితే మొదట చేరేది దగ్గరున్న నర్సే.

పదిమంది పడి ఉన్నప్పుడు నీ మొదటి పని వైద్యం కాదు, రంగులవారీగా వేరుచేయడం: ఎరుపు అంటే ముందు చూసి పంపాల్సినవాళ్లు, పసుపు కాస్త ఆగగలిగినవాళ్లు, ఆకుపచ్చ నడవగలిగినవాళ్లు, నలుపు ఊపిరి లేనివాళ్లు. మీ ఇద్దరిలో అనుభవం ఎక్కువున్నవాళ్లు వేరుచేస్తూ ముందుకు పోవాలి, రెండోవాళ్లు వెనక వైద్యం చేస్తూ రావాలి. వేరుచేసే మనిషి ఒక్కరి దగ్గర కూర్చుండిపోతే మిగతా తొమ్మిదిమందినీ చూసేవాళ్లు ఉండరు. మనిషికి నిమిషం లోపు.

ముందు గట్టిగా కేకవేయి: "నడవగలిగినవాళ్లంతా ఆ వేపచెట్టు కిందికి రండి." వచ్చినవాళ్లు ఆకుపచ్చ. వాళ్లకు కాపలా ఒక ఆశా. తర్వాత పడి ఉన్నవాళ్లలో నీకు దగ్గరున్న మనిషి నుంచి మొదలుపెట్టు. ఊపిరి ఉందా? లేకపోతే గడ్డం పైకెత్తి దారి తెరువు. అప్పుడు ఊపిరి వస్తే ఎరుపు, రాకపోతే నలుపు. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు నాడి అందకపోతే ఎరుపు. "నా వేలు గట్టిగా పట్టుకో" అంటే పట్టుకోలేకపోతే ఎరుపు. ఇవన్నీ బాగుండి నడవలేనివాళ్లు పసుపు. గోరు నొక్కి రంగు తిరిగొచ్చే సమయం చూడమని పుస్తకాల్లో ఉంటుంది, రెండు సెకన్లు దాటితే ఎరుపని. వానలో తడిసి చల్లబడిన చేతుల్లో, టార్చి వెలుతురులో అది తప్పు చెబుతుంది. నాడినే నమ్ము.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు లెక్క వేరు. ఊపిరి 15 కంటే తక్కువున్నా, 45 దాటినా ఎరుపు. దారి తెరిచినా ఊపిరి రాకుండా, నాడి మాత్రం ఉంటే ఐదు సార్లు నోటి ఊపిరి ఇచ్చి చూడాలి. పిల్లలకు ముందు ఆగేది ఊపిరి, గుండె తర్వాత ఆగుతుంది.

వేరుచేసేటప్పుడు చేయదగిన వైద్యం రెండే: ఊపిరి దారి తెరవడం, చిమ్మే రక్తం ఆపడం. గాయం మీద గాజుగుడ్డ కుక్కి ఒక మనిషి బరువంతా పెట్టి నొక్కాలి. చేయి, కాలు నుంచి ఇంకా చిమ్ముతుంటే గాయానికి నాలుగు వేళ్లు పైన, కీలు మీద కాకుండా, వెడల్పు గుడ్డపట్టీ, అందులో కర్ర పెట్టి తిప్పి బిగించు. టైము నుదుటి మీద మార్కరుతో రాయి. సన్న తాడు, వైరు వాడితే కండ కోసుకుపోతుంది. కట్టాక ఆసుపత్రి చేరేదాకా వదులు చేయొద్దు.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, అరిచేవాళ్ల దగ్గరికి అందరూ పరిగెడతారు. అరుస్తున్న మనిషికి ఊపిరి ఉన్నట్టే. గోడ పక్కన మాట్లాడకుండా పడి ఉన్నవాళ్లను ముందు చూడాలి. ఇంకొకటి, నలుపు అన్న మాట పైకి అనకూడదు. ఆ మనిషి కూతురు పక్కనే ఉంటుంది. గుడ్డ కప్పి, ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టు. మిగతా ఎరుపులు బండెక్కాక మళ్లీ వచ్చి చూడు. రంగు ఒకసారి వేసి వదిలేసేది కాదు, పది నిమిషాలకోసారి మారుతుంది.

తొక్కిసలాటలో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది కాళ్లకింద నలిగి కాదు, నిలబడ్డచోటే ఛాతీ కదలక ఊపిరాడక పోతారు. అందుకే చేతులు సరిపడా ఉంటే ఇక్కడ నలుపును అంత తొందరగా వదలొద్దు. ఛాతీ నొక్కడంతోపాటు ఊపిరి ఇవ్వడం ముఖ్యం: 30 నొక్కులు, 2 ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, ఐదారు సెంటీమీటర్ల లోతు. చెరువులో మునిగినవాళ్లకూ అంతే, ఊపిరితో మొదలుపెట్టు. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, భుజాన తలకిందులుగా వేసుకుని తిప్పడం చేస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జనం అదే చేయమంటారు, చేయనివ్వొద్దు.

మట్టిగోడ కింద గంటకు మించి కాళ్లు నలిగి ఉన్న మనిషిని గోడ లేపగానే లాగేయొద్దు. నలిగిన కండలో పేరుకున్న పొటాషియం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. మాట్లాడుతూ ఉన్న మనిషి బయటికి తీసిన ఐదు నిమిషాల్లో పోవడానికి కారణం ఇదే. లాగకముందే సూది పెట్టి నార్మల్ సెలైన్, పెద్దవాళ్లకు గంటకు లీటరు లెక్కన మొదలుపెట్టాలి. ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) వద్దు, అందులోనూ పొటాషియం ఉంది. 108 డాక్టరుతో ఫోనులో మాట్లాడుతూ చేయి.

108కి చెప్పేటప్పుడు ఏడవకుండా, వరుసగా: ఎక్కడ, ఏం జరిగింది, ఎరుపు ఎందరు, పసుపు ఎందరు, ఏ దారి తెగిపోయింది, ఏ దారిన రావాలి, కరెంటు తీగ లాంటి ప్రమాదం ఉందా. నడిచే గాయాలవాళ్లు ఆటోలెక్కి ముందుగా తిరుపతి పెద్దాసుపత్రులైన రుయాకో స్విమ్స్‌కో చేరిపోతే, ఎరుపులు వచ్చేసరికి అక్కడ మంచాలు నిండిపోతాయి. ఆకుపచ్చలను మీ పీహెచ్‌సీకి మళ్లించు.

కట్లపాము_కాలం

పై మాటలకు ఒకటి చేరుస్తాను. వరదలో పాములూ మెరకకే చేరతాయి, అంటే స్కూలుకే. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరిచేది ఎక్కువగా కట్లపాము. గాటు కనిపించదు, వాపు ఉండదు. తెల్లారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. గ్యాసు నొప్పి అనుకుని బిళ్ల ఇచ్చి పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుంది. శిబిరంలో ఉదయాన్నే ఎవరికైనా రెప్పలు వాలుతుంటే పాముకాటు అనే పంపండి. దారిలో ఊపిరి తగ్గితే అంబూ బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) పీల్పిస్తూ పోవాలి, ఆ బ్యాగు మీ దగ్గర ఉండి తీరాలి. దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకోబెడితే పామూ రాదు, దోమా రాదు.

కాటు పడ్డ చోట కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దకట్టి కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, మెట్టెలు, కంకణాలు తీసేయాలి. పీహెచ్‌సీలో రక్తపింజరి అనుమానంతో 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష చేస్తారు. 2 మి.లీ. రక్తం కొత్త, పొడి గాజు గొట్టంలో, కదపకుండా. సబ్బుతో కడిగిన గొట్టమైనా, ప్లాస్టిక్ సీసా అయినా ఫలితం తప్పు. విరుగుడు మందు మొదటి మోతాదు 10 వయల్స్, పిల్లలకూ అంతే, విషం కొలతను బట్టి మందు గానీ మనిషి బరువును బట్టి కాదు. ఆ మందు పడకపోతే ఇచ్చే అడ్రినలిన్ పక్కన తీసిపెట్టుకోకుండా మొదలుపెట్టరు. మీ పీహెచ్‌సీలో వయల్స్ ఎన్ని ఉన్నాయో, గడువు తేదీ ఏదో అక్టోబరులో ఫోను చేసి అడగండి.

ఆయకట్టు_సిస్టర్

అందరికీ చాలా థాంక్స్. ఆఖరిగా, సంచిలో ఏం పెట్టుకోవాలి? మంచం పట్టినవాళ్లను మోయడానికి స్ట్రెచరు మా దగ్గర లేదు.

పాత_పీహెచ్ఎన్

రెండు వందల మందికి మూడు రోజులనుకుని నేనైతే ఇలా పెడతాను: ఓఆర్ఎస్ 150 పాకెట్లు, జింకు 300 బిళ్లలు, పారాసిటమాల్ 500, సెలైన్ 500 మి.లీ. సీసాలు 12, డ్రిప్ సెట్లు, 18, 20 నంబరు క్యాన్యులాలు ఆరేసి, గాజుగుడ్డ, కట్లు, తొడుగులు రెండు పెట్టెలు, పెద్దవాళ్లకొకటి పిల్లలకొకటి అంబూ బ్యాగు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, బీపీ మిషను (చేత్తో కొట్టేది, బ్యాటరీది కాదు), కాన్పు కిట్లు రెండు, కాన్పు తర్వాత రక్తస్రావం కాకుండా ఇచ్చే మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాముల మోతాదుకు సరిపడా బిళ్లలు. అదే పని చేసే ఆక్సిటోసిన్ సూదిమందుకు చల్లదనం కావాలి, కరెంటు లేని చోట ఈ బిళ్లలే ఆధారం. బిడ్డ బయటికి వచ్చాక, లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకున్నాకే ఇవ్వాలి. టార్చి రెండు, విజిల్, మార్కర్లు నాలుగు, నాలుగు రంగుల రిబ్బను. మందులు, గాజుగుడ్డ రెండు పొరల ప్లాస్టిక్‌లో కట్టు. టార్చిలో బ్యాటరీలు విడిగా ఉంచు, లోపలే ఉంటే కారి పాడవుతాయి. 2021లో మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మరక చూపిస్తారు, సంచి దానికి నడుమెత్తు పైన అటకమీద పెట్టు. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా, ఇతర టీకాలు మీ దగ్గర దాచొద్దు, పీహెచ్‌సీ నుంచి ఆరోజుకారోజు తెప్పించుకో.

స్ట్రెచరు లేకపోయినా పరవాలేదు. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ సన్నగా ఉంటుంది, సందుల్లో తిరుగుతుంది. మనిషిని కూర్చోబెట్టి నడుముకు, ఛాతీకి పాత చీరతో కట్టి, వెనక ఒకరు వీపు పట్టుకుని, ముందు ఒకరు కాళ్ల దగ్గర పట్టుకుని ఎత్తాలి. ఎముక విరిగిందనో, వెన్నుకు దెబ్బ తగిలిందనో అనుమానం ఉంటే కుర్చీ కాదు, నులకమంచమే తిరగేసి, రెండు చివరలా నలుగురు. మంచం మోసేవాళ్లు అందరూ ఒకే ఎత్తు మనుషులైతే మంచిది. అక్టోబరు మొదటి ఆదివారం ఎవరినైనా నిజంగా కూర్చోబెట్టి ఇంటి నుంచి స్కూలు దాకా మోయించి చూడు, గడియారం పెట్టుకుని. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ షీట్లో ఆఖరి గడి పక్కన రాయి.

ఇంకో మాట. నీ పిల్లలను, ఇంట్లో పెద్దవాళ్లను ఆ రాత్రి ఎవరు చూస్తారో ముందే ఖాయం చేసుకో. ఆ సంగతి తేలకపోతే నీ మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. ఏఎన్ఎంతో ఎనిమిది గంటలకోసారి వంతులు మార్చుకో.

ఆయకట్టు_సిస్టర్

మంగళవారం ఆశా మీటింగు ఉంది. కాలనీ నుంచి మొదలుపెడతాం, అక్కడ డయాలసిస్ వాళ్లు ఇద్దరున్నారు. షీటు నమూనా గీసి ఇక్కడే పెడతాను అక్కా, ఏ గడి తప్పిందో చూసి చెప్పండి.